ఫ్రెంచ్ క్లాసులో పిండి ఎందుకు పిసికిస్తారు?

యూనివర్సిటీలో ఫ్రెంచ్ సంస్కృతి చదవడానికి వెళ్లిన స్టూడెంట్‌కి ఏప్రన్ ఇచ్చి పిండి పిసకమంటే ఎలా ఉంటుంది? కొన్ని కోర్సుల్లో నిజంగానే అలా చేయిస్తారు. రొట్టె కాలుస్తారు, చీజ్ రుచి చూస్తారు, టేబుల్ సర్దుతారు. అలాగని అది వంటల క్లాసేం కాదు. అసలు "ఫ్రెంచ్" అంటే ఏంటి అనే ప్రశ్నని చేత్తో పట్టుకుని చూడటం.

ముందు రొట్టె సంగతి చూద్దాం. బాగెట్‌కి కావాల్సింది గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. "ఫ్రెంచ్ సంప్రదాయ రొట్టె" అని పేరు పెట్టి అమ్మాలంటే మాత్రం అడిటివ్స్ కలపకూడదు, తయారీలో ఎక్కడా ఫ్రీజ్ చేయకూడదు. 1993లో అక్కడి ప్రభుత్వం పెట్టిన రూల్ ఇది. పుస్తకంలో చదివితే ఒక్క లైనే. అదే మీరు పిండి కలిపి, అది పొంగేదాకా గంటలు గంటలు కాచుకుని కూర్చున్నారనుకోండి, ఫ్యాక్టరీకి ఫ్రీజర్ ఎందుకంత ముద్దో, ఆ రూల్ దేన్ని కాపాడుతోందో తెలిసిపోతుంది. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కదా, కోడింగ్ కూడా అంతే. చదివితే రాదు, రాస్తేనే వస్తుంది.

తర్వాత టేబుల్. 2010లో యునెస్కో "ఫ్రెంచ్ వారి విందు భోజనం" అనే ఆచారాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించండి, అది ఏ ఒక్క వంటకమో కాదు. పెళ్లికో, పుట్టినరోజుకో నలుగురూ కలిసి కూర్చుని, ఒక వరసలో తినే పద్ధతి. ముందు స్టార్టర్, తర్వాత కూరగాయలతో చేపో మాంసమో, ఆ తర్వాత చీజ్, చివర్లో స్వీటు. ఆ వరసలో వడ్డించి, ఆ టేబుల్ దగ్గర ఫ్రెంచ్‌లోనే మాట్లాడితే భాష, మర్యాద రెండూ ఒకేసారి వస్తాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. కుస్కుస్ ఉత్తర ఆఫ్రికా వంటకం. వలస వచ్చిన కుటుంబాలతో పాటు ఫ్రాన్స్‌కి చేరింది, ఇప్పుడు అక్కడ జనం బాగా ఇష్టపడే వాటిలో ఒకటి. 2020లో యునెస్కో కుస్కుస్‌ని కూడా గుర్తించింది. కాకపోతే అల్జీరియా, మారిటానియా, మొరాకో, ట్యునీషియా పేర్ల మీద. మరి ఫ్రాన్స్‌లో పుట్టి, వాళ్ల అమ్మమ్మ చేసిన కుస్కుస్ తిని పెరిగిన పిల్ల వంట ఫ్రెంచ్ వంట అవుతుందా, కాదా?

మంచి కోర్సు బాగెట్ దగ్గరే ఆగిపోదు, కుస్కుస్ కూడా వండిస్తుంది. అప్పుడే స్టూడెంట్స్‌కి ఒక విషయం తడుతుంది. "మన వంట" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరున్నారు, ఎవరిని వదిలేశాం అని. మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!