నాటు కూలి, మోత కూలి: వ్యవసాయంలో స్త్రీ పురుష వేతన వ్యత్యాసం

సమాన పనికి సమాన వేతనం భారత రాజ్యాంగం 39(డి) అధికరణంలోని ఆదేశిక సూత్రం. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో ఆర్డినెన్సుగా వచ్చిన సమాన వేతన నిబంధన 1976లో చట్టమైంది. అయినప్పటికీ తెలుగు రాష్ట్రాల పొలాలలో స్త్రీల దినసరి కూలి పురుషుల కూలి కన్నా తక్కువగానే ఉంటున్నది. చట్టం అమలు కాకపోవడమే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. అది సగం వివరణ మాత్రమే.

ఆ చట్టం పోల్చినది ఒకే పనిని, లేదా ఒకే తరహా పనిని. నైపుణ్యం, శ్రమ, బాధ్యత సమానమైన చోటనే అది వర్తించింది. 2019 నాటి వేతనాల స్మృతి ఈ నిర్వచనానికి అనుభవాన్ని చేర్చిందే తప్ప పోలిక పద్ధతిని మార్చలేదు. మెకిన్నన్ మెకంజీ కేసులో (1987) స్త్రీ, పురుష స్టెనోగ్రాఫర్లకు వేర్వేరు వేతనాలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగలిగింది. అక్కడ పోల్చడానికి అదే పని చేసే పురుషుడు ఉన్నాడు. పొలంలో అటువంటి పురుషుడు అరుదు. దుక్కి, గట్లు చెక్కడం, మందు కొట్టడం, బస్తాల మోత మగవారివి. నాటు, కలుపు, పత్తి ఏరడం ఆడవారివి. నారు కట్టలు మోసి అందించే పురుషుడు, ఆ నారునే నాటే స్త్రీ ఒకే మడిలో ఉన్నా పనుల పేర్లు వేరు, కూలి వేరు. పత్తిని కిలోల లెక్కన ఏరించే చోట రేటు ఎవరికైనా ఒకటే; ఆ రేటుకు పురుషులు సాధారణంగా రారు. చట్టం చెక్కుచెదరదు, వ్యత్యాసమూ చెదరదు.

నాటు నైపుణ్యం లేని పనిగా ఎందుకు లెక్కకు వస్తున్నది? బురదలో రోజంతా నడుము వంచి, వెనుకకు అడుగులు వేస్తూ, ఎడం తప్పకుండా, లోతు మించకుండా నాటడం ఏళ్ళ తరబడి సాధనతో వచ్చేది. తల్లి వెంట వెళ్ళి నేర్చుకున్నది కనుక దానిని నేర్పుగా కాక స్త్రీ స్వభావంగా చూస్తారు. మోసిన బరువుకు కొలత ఉన్నది. వంగిన నడుముకు లేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద తవ్విన మట్టి కొలతను బట్టి, లింగభేదం లేకుండా వేతనం నిర్ణయమైంది. దేశవ్యాప్తంగా ఆ పనిదినాలలో సగానికి పైగా స్త్రీలవి కావడం యాదృచ్ఛికం కాదు.

కలుపు మందుల వాడకంతో సమస్య మరో రూపం తీసుకున్నది. ఒక చేనులో అనేకమంది స్త్రీలు రోజుల తరబడి చేసిన కలుపు తీత, వీపున పంపు కట్టుకున్న ఒక పురుషుని పూట పనిగా మారుతున్నది. స్త్రీలు అలా కోల్పోయిన పనిదినాలు దినసరి కూలి రేట్ల పోలికలో కనిపించవు.