ఒక ఊపిరి ఆపి... ఇంకో ఊపిరి నిలిపి!

ఊపిరితిత్తికి ఆపరేషన్ చేయాలి. అదేమో క్షణం ఆగదు. పొంగుతూ కుంగుతూనే ఉంటుంది. కదిలేదాని మీద కత్తి పెట్టేదెలా? కదలకుండా ఆపితే మనిషి బతికేదెలా?

కడప జిల్లా కమలాపురం దగ్గర, పాపాఘ్ని పెన్నలో కలిసేచోట పొలం తడిపే రైతునడగండి. 'మడవ కడితే సరి' అంటాడు! ఒక మడికి నీళ్లు ఆపి పక్క మడికి వదిలినట్టే, మత్తు డాక్టర్లు ఒక ఊపిరితిత్తికి గాలి ఆపేసి రెండోదానితోనే రోగికి ఊపిరి అందిస్తారు. అందుకు శరీరమూ సాయపడుతుంది. గాలి అందని వైపు రక్తనాళాలు వాటంతటవే ముడుచుకుని, రక్తాన్ని గాలి ఉన్న వైపు మళ్లిస్తాయి. అయినా ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టరు మానిటర్ మీంచి చూపు తిప్పరు.

క్షయ నేర్పిన పాఠం

మందుల్లేని రోజుల్లో సీమలోని క్షయ రోగులకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం పెద్ద దిక్కు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని మొదలుపెట్టింది 1949లో. అదే ఏడాది స్వీడన్ వైద్యుడు ఎరిక్ కార్లెన్స్ రెండు దారుల గొట్టాన్ని లోకానికి పరిచయం చేశారు. ఒక్కో ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందో విడిగా కొలవడానికి చేసిందది. మరుసటేడే ఆపరేషన్లకు వాడారు. జబ్బు వైపు చీము, రక్తం మంచి వైపుకి కారకుండా ఆగాయి. దానికి ఉన్న కొక్కెం గొంతు దాటేటప్పుడు ఇబ్బంది పెట్టేది. 1962లో బ్రిటన్ వైద్యుడు రాబర్ట్‌షా ఆ కొక్కెం తీసేసి, దారులు వెడల్పు చేశారు. తర్వాత రబ్బరు పోయి మెత్తటి ప్లాస్టిక్ వచ్చింది.

సెంటీమీటరు తేడా వస్తే...

గొట్టం కొసను ఎక్కువగా ఎడమ వైపుకే పంపుతారు. ఎందుకంటే కుడి శ్వాసనాళం పొట్టిది. దాదాపు రెండు సెంటీమీటర్లకే పైభాగానికి కొమ్మ చీలుతుంది. గొట్టం అడ్డుపడితే ఆ భాగానికి గాలి అందదు. ఎడమది సుమారు ఐదు సెంటీమీటర్లు. కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. రోగిని పక్కకు తిప్పితే గొట్టం జరగొచ్చు. అందుకే సన్నటి బ్రాంకోస్కోప్ దించి మళ్లీ చూసుకుంటారు.

కొత్తవాటిలో కొన్నింటికి లోపలే బుల్లి కెమెరా ఉంటుంది. గొట్టం జరిగిన మరుక్షణం తెరమీద తెలిసిపోతుంది. కాకపోతే ధర ఎక్కువ. నోరు సరిగా తెరుచుకోనివారికి, లావు గొట్టం పట్టని చిన్నపిల్లలకు మరో దారి 'బ్లాకర్'. అంటే కొసన బుడగ ఉన్న సన్నటి తీగలాంటి గొట్టం. బుడగ ఉబ్బితే ఆ వైపు దారి మూసుకుంటుంది. పెద్దవాళ్ల కోసం పంగలకర్రలా రెండు కొసలున్న బ్లాకరూ వచ్చింది. శ్వాసనాళం చీలేచోట అది కుదురుగా కూర్చుంటుంది.

దాచొద్దు!

గొట్టం ఎంత కొత్తదైనా రోగి చెప్పే నిజం మీదే చాలా ఆధారపడి ఉంటుంది. ఒకప్పుడు క్షయ వచ్చి తగ్గిందా? కఫంలో రక్తం పడుతోందా? పళ్లు కదులుతున్నాయా? నాపరాయి గనిలోనో సున్నపురాయి క్వారీలోనో దుమ్ము పీల్చారా? మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. బీడీ ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మానేయాలి. 'ఇంట్లో తెలిస్తే తిడతారు' అని దాస్తే నష్టం రోగికే. ఆపరేషన్ తర్వాత గొంతునొప్పి, బొంగురు మామూలే. కొద్దిరోజుల్లో తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

రెండు గంటలో, నాలుగు గంటలో... మనిషి ప్రాణం ఒక్క ఊపిరితిత్తి మీదే నడుస్తుంది. అది ఎంత గట్టిగా ఉందో డాక్టరుకు ముందే తెలియాలి మరి!