ద్రాక్షాసవప్రియులకు పుస్తకపు కానుక

కాలిఫోర్నియాలో కాపురమున్న మా మేనకోడలు రెండేండ్ల క్రిందట మాకొక చిక్కుప్రశ్న వేసినది. ఆమె పొరుగున నొక వృద్ధదంపతులు గలరు. మన పిల్ల పురిటి దినములలో కన్నతల్లివలె వండిపెట్టి, బిడ్డ నెత్తుకొని, ఎంతయో సాయపడినవారు. వారి యేబదవ వివాహదినోత్సవమునకు పిలుపు వచ్చినది. ఆ యింటి యజమానికి వైను, అనగా ద్రాక్షాసవము, అన్న ప్రాణము. నేలమాళిగలో సీసాలు వరుసగా పేర్చుకొని, ఏది యే కొండవాలున కాచిన పండో కథలుగా చెప్పుచుండునట. మా పిల్లయా, దాని వాసనయైన నెఱుగదు. “అత్తయ్యా, సీసా కొందమన్న నాకు మంచిచెడ్డలు తెలియవు. చీర పెట్టుదమన్న ఆ యింట కట్టువారు లేరు. ఏమి చేయుదును?” అని యడిగినది. పుస్తక మిమ్మని చెప్పితిమి. చెప్పినంత సులభముగా ఆ పుస్తకము దొరకలేదు. ఆ వెదకులాటలో మాకు తెలిసిన సంగతులను సోదరీమణుల ముందుంచుచున్నాము.

మద్యమునకు సంబంధించిన కానుక యన్నంతనే మీలో కొందఱు మొగము చిట్లింతురని మే మెఱుగుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన కథ మఱవదగినది కాదు. ఆ కథయే అక్షరాస్యతా వాచకములో పాఠమై పలుగ్రామముల స్త్రీలను కదల్చినది. 1995లో రాష్ట్రమున వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమునకు, అది 1997లో సడలింపబడినను, ఆ యుద్యమము ముఖ్యకారణము. పుస్తకము మద్యమునకు శత్రువై నిలిచిన చరిత్ర మనకున్నది. కావున ముందే చెప్పుచున్నాము. త్రాగుడు వలన కన్నీరు గార్చుచున్న యింటికి గాని, మానుకొనుటకు పాటుపడుచున్న వానికి గాని ఇట్టి పుస్తకమును తీసికొనిపోవుట క్రౌర్యము. భోజనముతో నొక గ్లాసు పుచ్చుకొని, దాని పుట్టుపూర్వోత్తరములను గంటసేపు ముచ్చటించు వారిని గూర్చియే మేమిక్కడ వ్రాయుచున్నాము. అట్టివారికి సీసాతోపాటు కథయు కావలెను. ఆ కథ వినుటకు మనము త్రాగనక్కఱలేదు.

మొదట మేము పొరపడితిమి. అన్నిటికంటె పెద్దదియు పేరుపడినదియు ఇచ్చిన చాలునని తలచి, హ్యూ జాన్సన్ గారి “ది వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్” తెప్పింపుమంటిమి. 1971లో తొలిసారి వెలువడి, తరువాతి కూర్పులలో జాన్సిస్ రాబిన్సన్ అను విదుషీమణి చేయి కలుపగా, 2019లో ఎనిమిదవ కూర్పు వచ్చిన గ్రంథమది. ఏ యేటి యొడ్డున, ఏ వాలున ఏ తోట యున్నదో పటములతో చూపును. మా పిల్ల తెలివిగలది. గిన్నె తిరిగి యిచ్చు నెపమున పొరుగింటికి పోయి అలమారు చూచి వచ్చినది. అట్లాసు అచటనే యున్నదట, వీపు చిరిగి, పుటలకు మరకలు పడి! రాబిన్సన్ గారు 1994లో సంపాదకత్వము వహించి వెలువరించిన “ది ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ టు వైన్” కూడ దాని ప్రక్కనే యున్నదట. నాటినుండి మేము చెప్పు మొదటిమాట, అలమారు చూడుడు. పేరుమోసిన గ్రంథములు రసికుని యింట ముందే యుండును. ఉన్నది పాతకూర్పైనచో క్రొత్తకూర్పిచ్చుట మాత్రము మంచిపనియే. 1977 నుండి ఏటేట వచ్చుచున్న జాన్సన్ గారి జేబుపుస్తకము విషయమున మఱింత మెలకువ కావలెను. అది పంచాంగము వంటిది. నిరుటి పంచాంగము నెవరు కానుకగా పుచ్చుకొందురు?

రెండవ మెలకువ పుచ్చుకొనువారి యనుభవమును బట్టి యుండును. మన యాలంకారికులు కవిత్వమున ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని భేదములు చెప్పిరి గదా. ద్రాక్షను గూర్చిన పుస్తకములకే యీ కొలత చక్కగా సరిపోవుట మాకు వినోదము కలిగించినది. 2012లో రాబిన్సన్ గారును మఱి యిద్దఱును కలిసి వెలువరించిన “వైన్ గ్రేప్స్” 1,368 ద్రాక్షజాతుల వివరములు గల మహాగ్రంథము. అది నిక్కముగా నారికేళము. పండితుడు దానిని కొట్టుకొని తినును, క్రొత్తవాడు తలుపునకు అడ్డు పెట్టుకొనును. 2015లో వచ్చిన “వైన్ ఫాలీ” బొమ్మలతో, రంగులతో నోట కరగు ద్రాక్షాపాకము. నిన్న మొన్న రుచి మఱగినవారికి దానికంటె మేలైనది లేదు. దానినే పండితున కిచ్చిన, అవధానిగారికి పెద్దబాలశిక్ష నిచ్చినట్లుండును. తొక్క యొలిచిన చాలునను అరటిపండు వంటిది కెర్మిట్ లించ్ అను అమెరికా వర్తకుడు 1988లో వ్రాసిన “అడ్వెంచర్స్ ఆన్ ది వైన్ రూట్”. ఫ్రెంచి పల్లెలలో తిరిగి, రైతుల నేలమాళిగలు దూరి, తన యిష్టానిష్టములను దాచకుండ చెప్పినాడు. ప్రయాణములపై మక్కువ గలవారికి ఇది ఇండు.

ధరచీటి తీసివేయుడు. కొన్న రసీదు మాత్రము దాచి యుంచుడు, మార్చుకొనుటకు పనికివచ్చును.

ఇక పొరుగింటి పెద్దమనిషికి రెండు పుస్తకములు తేలినవి. మొదటిది జార్జి టేబర్ 2005లో ప్రచురించిన “జడ్జ్‌మెంట్ ఆఫ్ పారిస్”. 1976 మే 24న పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఇంగ్లీషు వర్తకుడు ఫ్రెంచి పరీక్షకులను తొమ్మండ్రను కూర్చుండబెట్టి, పేరు కనబడకుండ ఫ్రెంచి వైనులను కాలిఫోర్నియా వైనులను రుచి చూపించెను. తెలుపునందును ఎఱుపునందును కాలిఫోర్నియాదే మొదటిస్థానము! ఆ గదిలోనున్న పత్రికావిలేఖరి టేబరొక్కడే. కాలిఫోర్నియా వానికి ఇంతకంటె తీపికథ యేమున్నది?

రెండవది టిలార్ మాజియో అను రచయిత్రి 2008లో వెలువరించిన “ది విడో క్లికో”. మా మనసు దానిపైననే నిలిచినది. బార్బ్ నికోల్ అను నామె 1777లో ఫ్రాన్సునందలి షాంపేన్ సీమలో, రాంస్ పట్టణమున బుట్టినది. 1805లో, ఇరువదియేడవయేట, భర్త పోయెను. ఒక్కతె కూతురు. నాటి ఫ్రెంచి చట్టమున భార్య భర్తయనుమతి లేనిదే వ్యాపారము సేయరాదు, వితంతువు చేయవచ్చును. మామగారిని ఒప్పించి ఆయన పెట్టుబడితోనే కొట్టు నడపినది. నురుగు పుట్టుటకై సీసాలోనే రెండవమాఱు పులియబెట్టునప్పుడు అడుగున మడ్డి చేరును. దానిని తీయబోయిన నురుగు పోవును, సరకు వృథా యగును. ఆమె బల్లకు బెజ్జములు వేయించి, సీసాలను తలక్రిందుగా గ్రుచ్చి, దినదినము కొంచెము కొంచెముగా త్రిప్పించెను. మడ్డి యంతయు మూతిచెంతకు జాఱును. మూత తీసినంతనే బయటపడును. ఆ బల్ల వంటింటిదేయని చెప్పుకొందురు. 1814లో పోటీవారికంటె ముందుగా పదివేలకు పైబడిన సీసాలను ఓడ నెక్కించి రష్యాకు పంపినది. 1866లో మరణించువఱకు మాఱుమనువాడలేదు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించునప్పటి కామె గతించి పదునైదేండ్లు. ఆమె వ్రాతలు కొద్దిగనే మిగిలినందున రచయిత్రి పలుచోట్ల “అయి యుండవచ్చును” అని ఊహించుచు పోయినది. అది యొక లోపమే. అయినను చదివించును.

అయితే వివాహదినోత్సవమునకు వితంతువు కథయా? మా నాలుక వెనుకాడినది. ఇన్నాళ్లు సంస్కారమును గూర్చి పెద్దమాటలు వ్రాసిన మేము, అట్టపైనున్న ఒక్క మాటను చూచి “శుభమా యని పోవుచు వద్దులే” అంటిమి. పిల్ల ఫోనులో నవ్వినది. నవ్వి, పండుగనాడు టేబరు పుస్తకము పెద్దాయన చేతికిచ్చినది. రెండవదానిని నెల గడచిన పిమ్మట, ఏ పండుగయు లేని నాడు, ఆ యిల్లాలి చేతబెట్టినదట.

ఆ యింట వైను పుస్తకములన్నియు ఇంతవఱకు భర్తకే వచ్చెడివట. ఆమె నెవ్వరును అడిగియుండలేదు. మూడుదినములలో చదివి ముగించి, భర్తను నేలమాళిగకు పిలిచి, సీసా నెట్లు త్రిప్పుదురో చూపుమన్నదట. ఆయనకు చేతగాలేదట. ఆమెయే ఒక ఖాళీసీసాను తీసికొని, తలక్రిందుచేసి, పుస్తకము ప్రక్కన తెఱచి పెట్టుకొని, త్రిప్పి చూపినదట.