పేట బాగు – ఇల్లాలి బాధ్యత

పట్టణములలోని పేటల బాగోగులు పురుషుల వ్యవహారమనియు, ఇల్లాలి యధికారము గడపతో ముగియుననియు మనలో పెక్కురు తలంచుచుందురు. కాని కొళాయిలో నీరు రానినాడు బిందె పట్టుకొని నిలుచునది యెవరు? వీధికాలువ పొంగి దోమలు ముసరినప్పుడు, జ్వరపడిన బిడ్డచెంత రాత్రియెల్ల మేల్కొనునది యెవరు? పురపాలనములోని ప్రతిలోపమును మొదట వంటయింటనే కనబడును. కావున నది మన విషయమే యని మేము చెప్పుచున్నాము.

ఇది క్రొత్తభావము గాదు. మహాభారత సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును కుశలమడుగుచు, రాజ్యమున చెరువులు నిండియున్నవా యనికూడ ప్రశ్నించెను. తటాకనిర్మాణమును మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. నీటివసతి చూచుట రాజధర్మమైనచో, ప్రజలే ప్రభువులైన యీ దినములలో నది మనధర్మము గాకపోవునా?

హైదరాబాదు చరిత్రమును చూతము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. పిదప 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇరుకుపేటలను తొలగించి క్రొత్తవీధులను, ఇండ్లను నిర్మించెను. మేలు జరిగినమాట నిజమే. కాని నిర్ణయించినవారు ప్రభువులు, అనుభవించినవారు ప్రజలు. 1967లో అదే నగరమున ప్రారంభమైన పట్టణ సాముదాయికాభివృద్ధి పథకము వేఱుత్రోవ త్రొక్కినది. పేదలపేటలకు పోయి, అచ్చటివారి తోడ్పాటుతోనే పనులు నడుపవలెనని సంకల్పించినది. ఈ రెండవమార్గమే మేలని మా యభిప్రాయము.

ఇటీవలి యుదాహరణ మొకటి కలదు. సికిందరాబాదు బన్సీలాల్‌పేటలోని మెట్లబావి యేండ్లతరబడి చెత్తతో పూడిపోయి యుండెను. ప్రభుత్వమును, స్వచ్ఛందసేవకులును చేయి కలిపి పూడిక తీయించి, మెట్లను బాగుచేయించి, 2022 డిసెంబరు 5వ తేదీన ప్రజలకు తెరచిరి. ఆ బావిని పూడ్చినవారు శత్రువులు గారు. దినదినము పడిన చెత్తయే పూడ్చినది. ఇంటిని తుడిచి, ఆ చెత్తను గోడవతలికి విసరుట శుచిత్వమనిపించుకొనదు గదా!

ఇక చట్టము సంగతి. 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములలో మూడవవంతుకు తక్కువగాకుండ స్థానములను స్త్రీలకు ప్రత్యేకించినది. 3 లక్షలు, అంతకు మించిన జనసంఖ్యగల పట్టణములలో వార్డు కమిటీలుండవలెనని విధించినది. నీటిసరఫరా, పారిశుద్ధ్యము, వీధిదీపములు, మురికివాడల బాగు మున్నగు 18 విషయములను పేర్కొని, వానిని పురపాలకులకు అప్పగింపవచ్చునన్నది. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగరమునకు జరిగిన ఎన్నికలలో 150 వార్డులకుగాను సగము స్త్రీలకే కేటాయింపబడెను. పిదప మేయరు, ఉపమేయరు లిరువురును స్త్రీలే యైరి. అయినను ఆ యెన్నికలలో ఓటర్లలో సగముమందియైనను ఓటు వేయలేదు! పీఠము లభించినను పలుకు లేకున్న ఫలమేమి? భార్య సభ్యురాలుగా నుండ, భర్త వ్యవహారము నడుపుటయు అచ్చటచ్చట కనుచున్నాము. ఇది యామెను ఎన్నుకొన్నవారికే యవమానము.

సోదరీమణులారా! మన వార్డు సభ్యుని లేక సభ్యురాలి పేరు తెలిసికొందము. కాలువ పూడినచో ఇరుగుపొరుగున గొణుగుట మాని, పదిమంది సంతకములతో అర్జీ వ్రాసి, అందినట్లు రసీదు పుచ్చుకొందము. వార్డు కమిటీ కూడుచున్నదా, కూడిన నేమి తీర్మానించినదని అడుగుదము.

మఱియొక మాట మఱువరాదు. వీధి వెడల్పైనపుడు, తోట వెలసినపుడు, అచ్చట కూరగాయలమ్ముకొను ముసలమ్మ యెక్కడికి పోవునో, గుడిసెలవారి కెక్కడ చోటు చూపుదురో ముందుగా విచారింపవలెను. పేదలను వెడలగొట్టి పేటకు మెఱుగు పెట్టుట, వంటవాండ్రను పస్తుంచి విందు చేయుటవంటిది. అందఱు నిలిచిన పేటయే బాగుపడిన పేట. ఆ విచారణము చేయగల కనికరమును, ఇంటిని దిద్దుకొను నేర్పును మనకు గలవు. వానిని గడపదాటించుటయే మిగిలియున్నది.