తీరమున నిలిచి చేసెడి యానము

తడయొద్ద నిలిచి తూర్పు చూచువారికి మొదట కానవచ్చునది సముద్రము కాదు, పులికాటు సరస్సు. దాని కావల శ్రీహరికోట దీవి; దీవి కావల బంగాళాఖాతము. 2023వ సంవత్సరము జూలై 14వ తేదీన చంద్రయాన్-3 ఆ దీవినుండియే యెగసినది. నాడు దేశమంతయు మనస్సుచే చంద్రమండలమునకు యాత్ర సలిపినది, మేమును సలిపితిమి. అది తప్పని యెవ్వరందురు? మనస్సు ముందుగా పోవనిదే యే యోడయు రేవు విడువదు.

ఆంధ్రుల కిది క్రొత్త విద్య కాదు. శాతవాహనులు తమ నాణెములపై రెండు కొయ్యల తెరచాప యోడను ముద్రించిరి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చెడి యొడ్డున బడిన యోడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. నిర్ణీతమైన సుంకము దప్ప మఱేమియు గొననని యీ ప్రభువు మాట యిచ్చెను. సముద్రమున ప్రాణమొడ్డినవానిని గౌరవించుట యనగా నిదియే యని మా యభిప్రాయము. ఓడలను వర్ణించిన రాజులు పలువురు. నావికుని దుఃఖమును లెక్కించినవారు కొందఱే.

ఏలయన, యానమను మాటకు మఱియొక యర్థమును కలదు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు పులికాటు కోటనుండి కఱవుపాలైన జనమును బానిసలుగా బటేవియాకు తరలించిరి. 19వ శతాబ్దమున మన కూలీలు ఒప్పందములపై మారిషసునకు పోయిరి. కోరంగి రేవు పేర అచట తెలుగువారికి 'కోరంగీ'లను పేరు నిలిచినది. కలవారి బిడ్డ లండను పోయి వచ్చినచో ప్రాయశ్చిత్తమేమని మన పండితులు వాదులాడిరి. ఈ కూలీల సముద్రయానమును గూర్చి అంతటి వాదము మేమెఱుగము.

నేలపై నిలిచినవారికి సముద్రముపై మోజు సులభము. 1971లో శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు ఎగసినది. ఆ కేంద్రమునకై దీవిలోని యానాదులు పలువురు తమ యడవిని విడువవలసివచ్చెను. ప్రయోగదినమున జాలరులు ఆ జలములకు పోరాదని యాజ్ఞ. అది క్షేమముకొఱకే, మేము కాదనము. కాని వేట మానిన దినమున వాని యింట పొయ్యి యెట్లు రాజునో యడుగుట మన ధర్మము కాదా? రాయదొరువు ముఖద్వారము ఇసుకచే పూడినప్పుడు చేప సరస్సులోనికి రాదు. వల రిక్తముగా మరలును. పూడిక తీయుడని జాలరులు ఏండ్లతరబడి మొఱపెట్టిరి. రాకెట్టును చూడ వచ్చెడి మంత్రులును పెద్దలును ఒక్కమాఱు తడ వైపునకు వచ్చి, జాలరి పడవ యెక్కి, ఆ ఇసుకమేటలవఱకు పోయి చూతురుగాక.