దక్షిణాఫ్రికా వెళ్తున్నారా? టికెట్ కొనే ముందే ఎల్లో ఫీవర్ కార్డు సంగతి తేల్చుకోండి

క్రూగర్ పార్కులో సఫారీ, కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్, వీలైతే విక్టోరియా జలపాతం. ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్లే మనవాళ్ల ప్లాన్ చాలావరకు ఇలాగే ఉంటుంది. వీసా రాగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ చాలామందికి చిక్కు వచ్చేది విమానం మారే చోట.

ఎవరికి ఈ కార్డు కావాలి?

హైదరాబాద్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా లేదా అడిస్ అబాబా, నైరోబీల్లో మారాలి. ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల జాబితాలో ఉన్నాయి. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే ఏడాది దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా టీకా సర్టిఫికెట్ ఉండాలన్నది దక్షిణాఫ్రికా నిబంధన.

తిరుగు ప్రయాణంలో మన దేశమూ అడుగుతుంది. ఆ దేశాల్లో ఉండి, సర్టిఫికెట్ లేకుండా వస్తే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. విమానాశ్రయం దాటకుండా విమానం మారిన వారికి మినహాయింపు ఉన్నా, దానికి అక్కడి హెల్త్ ఆఫీసర్ ఒప్పుకోవాలి. కాబట్టి ఆ దారిలో వెళ్తుంటే టీకా వేయించుకోవడమే మంచిది.

టీకా ఎక్కడ, ఎప్పుడు?

కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది. 9 నెలల లోపు పిల్లలకు ఈ టీకా వేయరు. 60 దాటినవారు, గర్భిణులు, గుడ్డు అలర్జీ ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను సంప్రదించాలి.

వీసాలో ఏం చూసుకోవాలి?

దక్షిణాఫ్రికా నుంచి జింబాబ్వే లేదా జాంబియా వైపు వెళ్లి విక్టోరియా జలపాతం చూసి, మళ్లీ జొహానెస్‌బర్గ్ వచ్చి విమానం ఎక్కాలనుకుంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా అడగండి. సింగిల్ ఎంట్రీ అయితే తిరిగి లోపలికి రానివ్వరు. పాస్‌పోర్ట్‌లో కనీసం 2 ఖాళీ పేజీలు ఉంచుకోండి. పిల్లలతో తల్లి లేదా తండ్రి ఒక్కరే వెళ్తుంటే బర్త్ సర్టిఫికెట్‌తో పాటు రెండోవారి సమ్మతి పత్రం దగ్గరుంచుకోవాలి.

మలేరియా మాటేమిటి?

కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్‌లలో మలేరియా భయం లేదు. క్రూగర్ పార్కు ఉన్న ఈశాన్య ప్రాంతంలో మాత్రం సెప్టెంబర్ నుంచి మే వరకు ముప్పు ఎక్కువ. ముందుగా వేసుకోవాల్సిన మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి. తిరిగొచ్చాక వారాలు, ఒక్కోసారి నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఉంది.

ఇవీ గుర్తుంచుకోండి

* అక్కడ జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం. సఫారీ జీపులు తెల్లవారుజామునే బయల్దేరతాయి, పైగా చాలావాటికి కిటికీలుండవు. స్వెట్టర్ తప్పనిసరి.
* దక్షిణాఫ్రికాలో కరెన్సీ ర్యాండ్. నమీబియా, లెసోతోల్లోనూ చెల్లుతుంది. నమీబియా డాలర్లు మాత్రం దక్షిణాఫ్రికాలో చెల్లవు, అక్కడే ఖర్చుపెట్టేయండి.
* పాత సాకెట్లు మన గీజర్ ప్లగ్ సైజులో ఉంటాయి. ఫోన్ ఛార్జర్ పట్టదు, అడాప్టర్ కావాలి.
* ఏటీఎం దగ్గర సాయం చేస్తామని వచ్చేవారికి కార్డు ఇవ్వొద్దు. నడిరోడ్డు మీద ఫోన్ చేతిలో పట్టుకుని దారి వెతకొద్దు.
* దక్షిణాఫ్రికాలో పోలీసులకు 10111, అంబులెన్స్‌కు 10177, మొబైల్ నుంచైతే 112.
* పాస్‌పోర్ట్ పోతే భారత హైకమిషన్ ప్రిటోరియాలో, కాన్సులేట్లు జొహానెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లలో ఉన్నాయి. పాస్‌పోర్ట్, వీసా ఫొటోలు ఫోన్‌లోనే కాక ఇంట్లోవాళ్ల దగ్గరా ఉంచండి.

చవగ్గా టికెట్ కనిపిస్తే బుక్ చేసే ముందు విమానం ఎక్కడ మారుతుందో, అక్కడ ఎన్ని గంటలు ఆగాలో ఒకసారి చూడండి. ప్రయాణానికి 10 రోజుల కంటే తక్కువ గడువుండి, టీకా వేసుకోకపోతే దుబాయ్ లేదా దోహా దారే మేలు.