నాలుగు కిలోబైట్లలో ఒక నది: కెరోల్ షా ప్రోగ్రామింగ్ జీవితం

వీడియో గేమ్‌లకు ప్రోగ్రాములు రాయడాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళల్లో కెరోల్ షా ఒకరు. ఆమె 1955లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం పాలో ఆల్టోలో పుట్టారు. తండ్రి మెకానికల్ ఇంజినీరు. స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలో పనిచేసేవారు. హైస్కూల్లో ఉండగానే షాకు కంప్యూటర్‌తో పరిచయమైంది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ చదివి 1977లో పట్టా పుచ్చుకున్నారు. మాస్టర్స్ కూడా అక్కడే చేసి, 1978లో అటారీ సంస్థలో చేరారు.

అటారీ అంతకు ముందు ఏడాదే ఇళ్లలో టీవీకి తగిలించుకునే గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. తర్వాతి కాలంలో దానికి అటారీ 2600 అన్న పేరు స్థిరపడింది. ఆ యంత్రం పరిమితులు తెలిస్తేగాని షా పనితనం విలువ తెలియదు. అందులోని 6507 ప్రాసెసర్ సెకనుకు దాదాపు 12 లక్షల స్పందనల వేగంతో నడుస్తుంది. తాత్కాలిక జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, 128 బైట్లు మాత్రమే. తెర మీది బొమ్మలో అడ్డంగా 160, నిలువుగా 192 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఒక్క బిట్ చొప్పున కేటాయించినా 3,840 బైట్లు కావాలి. కాబట్టి పూర్తి బొమ్మను దాచుకునే వీలే లేదు.

అందువల్ల బొమ్మను ముందుగా సిద్ధం చేసుకోవడమన్నది ఉండదు. టీవీ గీస్తుండగానే గీత గీతకూ తయారు చేయాలి. టీవీ గొట్టంలోని ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు 60 సార్లు తెరనంతా చుట్టి వస్తుంది. ఒక్కో చుట్టుకు 262 గీతలు, ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దక్కేది 76 స్పందనల వ్యవధి. అతి చిన్న ఆదేశానికి కూడా రెండు స్పందనలు పడతాయి. పుంజం ఎడమ అంచు నుంచి కుడి అంచుకు చేరేలోగా ఆ గీతలో ఏ రంగు ఎక్కడ రావాలో ప్రోగ్రాము చెప్పేయాలి. ఆలస్యమైతే బొమ్మ చెదిరిపోతుంది. కనిపించని 70 గీతల వ్యవధిలోనే స్కోరు, కదలికలు, శత్రువుల లెక్కలన్నీ ముగించుకోవాలి. ఇలాంటి యంత్రానికి ప్రోగ్రాము రాసేవారికి ప్రతి బైటూ, ప్రతి స్పందనా లెక్కే.

అటారీలో షా రాసిన మొదటి ఆట 'పోలో'. ఒక పరిమళ ద్రవ్యం ప్రచారం కోసం తలపెట్టిన ఆ ఆట మార్కెట్లోకి రాలేదు. తర్వాత వచ్చిన 'త్రీ-డీ టిక్-టాక్-టో' నాలుగు అంతస్తుల ఆట. అంతస్తుకు 16 చొప్పున మొత్తం 64 గళ్లు. గెలుపు గీతలు 76. ఒక్కో గడి ఖాళీగా ఉందా, లేక అందులో ఎవరి గుర్తు ఉంది అన్నది రెండు బిట్లలో చెప్పవచ్చు గనుక మొత్తం పటానికి 16 బైట్లు చాలు. ఆ తర్వాత 'వీడియో చెక్కర్స్' రాశారు. సహోద్యోగి ఎడ్ లాగ్‌తో కలిసి 'ఒథెల్లో' చేశారు. 1980లో అటారీని వదిలి టాండెమ్ కంప్యూటర్స్‌లో చేరారు.

అప్పటికే అటారీ నుంచి కొందరు బయటికి వచ్చి 1979లో యాక్టివిజన్ సంస్థను స్థాపించారు. అటారీ ఆటల అట్టపెట్టెల మీద రాసినవారి పేరు ఉండేది కాదు. యాక్టివిజన్ ఆ పేరును అచ్చువేసి, ఆట వెనుక ఒక మనిషి ఉన్నారని కొనేవారికి తెలియజేసింది. షా 1982లో ఆ సంస్థలో చేరారు. అదే ఏడాది వెలువడిన 'రివర్ రెయిడ్' ఆమె పేరును చిరస్థాయిగా నిలిపింది.

మొదట అంతరిక్షం నేపథ్యంగా ఆట చేయాలన్నది ఆమె ఆలోచన. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయని సహోద్యోగి ఆలన్ మిల్లర్ అనడంతో అంతరిక్షం స్థానంలో నది వచ్చింది. నది మీద జెట్ విమానం ఎగురుతూ ఉంటుంది. తెర పైనుంచి కిందికి జరుగుతుంది. జాయ్‌స్టిక్‌ను ముందుకు నొక్కితే వేగం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. ఒడ్డు తగిలినా, ఓడను ఢీకొన్నా విమానం పేలిపోతుంది. ఇంధనం నిరంతరం తరుగుతూ ఉంటుంది. నదిలోని ఇంధన కేంద్రాల మీదుగా ఎగిరితే ట్యాంకు నిండుతుంది, అదే కేంద్రాన్ని కాల్చితే 80 పాయింట్లు వస్తాయి. పాయింట్లా, ప్రాణమా అన్న ఈ ఎంపికే ఆటకు ఆయువుపట్టు.

ప్రోగ్రామంతా 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో ఇమడాలి. అంత తక్కువ చోటులో పొడవైన నది పటాన్ని భద్రపరచడం అసాధ్యం. షా పటాన్ని దాచలేదు, దాన్ని పుట్టించే సూత్రాన్ని రాశారు. కొన్ని బిట్ల వరుసను ఒక అడుగు పక్కకు జరిపి, ఎంచుకున్న బిట్లను పోల్చగా వచ్చిన ఫలితాన్ని ఖాళీ అయిన చోట పెడతారు. బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. ఇలా చేస్తూ పోతే పొంతన లేనట్టు కనిపించే సంఖ్యలు వస్తాయి. 16 బిట్ల వరుస సరిగ్గా అమరితే 65,535 అడుగుల తర్వాతే మొదటికి వస్తుంది. నది ఎక్కడ వెడల్పు, ఎక్కడ ఇరుకు, ఎక్కడ ద్వీపం, ఏ శత్రువు అన్నవి ఈ సంఖ్యలే నిర్ణయిస్తాయి.

ఈ సంఖ్యలు యాదృచ్ఛికం కావు. మొదటి సంఖ్య ఒకటే కాబట్టి ప్రతిసారీ అదే నది వస్తుంది. ఆడేవారు మలుపులను గుర్తుపెట్టుకొని నైపుణ్యం పెంచుకోగలిగారు. నదిని వంతెనలు భాగాలుగా విడదీస్తాయి. వంతెన దాటాక విమానం కూలితే ఆ భాగం మొదటి నుంచే ఆట సాగుతుంది. అందుకు నదిని గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఆ భాగం మొదట్లో ఉన్న సంఖ్య గుర్తుంటే చాలు. లోటును ఇంత సొగసుగా బలంగా మార్చుకున్న ప్రోగ్రాములు ఆ కాలంలో అరుదు.

నది రెండు ఒడ్లూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండటానికీ యంత్రమే కారణం. నేపథ్యానికి 20 బిట్లు మాత్రమే ఇచ్చి, అవి తెర ఎడమ సగాన్ని గీస్తే కుడి సగంలో వాటినే తిరగేసి చూపే ఏర్పాటు అందులో ఉంది. ద్వీపాలు నది మధ్యలోనే రావడం అందువల్లే. కదిలే పెద్ద బొమ్మలకు యంత్రం ఇచ్చినవి రెండే. ఒకటి జెట్‌కు పోగా, మిగిలిన ఒక్కదాన్నే పుంజం తెర కిందికి వచ్చే కొద్దీ మళ్లీ మళ్లీ వాడి ఓడలు, హెలికాప్టర్లు, ఇంధన కేంద్రాలు చూపించారు. ఒకే ఎత్తులో రెండు ఓడలు పక్కపక్కన కనిపించకపోవడానికి ఇదే కారణం.

ఆట ఘనవిజయం సాధించింది. 15,000 పాయింట్లు సాధించి, తెర ఫొటో తీసి పంపినవారికి యాక్టివిజన్ 'రివర్ రెయిడర్స్' అనే గుడ్డ బ్యాడ్జీ పంపేది. పశ్చిమ జర్మనీలో మాత్రం 1984లో దీన్ని యువతకు హానికరమైన ఆటల జాబితాలో చేర్చారు. 2002లో గాని ఆ ఆంక్ష తొలగలేదు.

షా స్వయంగా ఈ ఆటను అటారీ 5200కు మార్చారు. 1983లో ఇంటెలివిజన్ యంత్రం కోసం 'హ్యాపీ ట్రెయిల్స్' రాశారు. అదే ఏడాది అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. 1984లో ఆమె యాక్టివిజన్‌ను వదిలి తిరిగి టాండెమ్‌లో చేరి, 1990లో ఉద్యోగ విరమణ చేశారు. 2017లో గేమ్ అవార్డ్స్ సంస్థ ఆమెకు ఇండస్ట్రీ ఐకాన్ పురస్కారం ఇచ్చింది. తన ఆటలనూ, 'రివర్ రెయిడ్' ప్రోగ్రాము ముద్రిత ప్రతినీ ఆమె అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియానికి అప్పగించారు.